ఒకరి చెట్టు ఇంకొకరు ఎక్కరు

చింతపండు ముద్దను అరచేతిలో పెట్టి నొక్కితే చాలు, అది ఎంత నీరు తాగిందో ముత్యాలమ్మకు తెలిసిపోతుంది. తడిపినదైతే వేళ్ల సందుల్లోంచి జారుతుంది. సరిగ్గా ఎండినదైతే గట్టిగా నిలబడి, అరచేతికి పీచు గీతలు పెడుతుంది. శుక్రవారం సంతలో కాటా ముందు గోనెలు పరుచుకుని, బుట్టబుట్టకూ ఒక ముద్ద తీసి నొక్కుతూ, మంచిది కుడివైపు, తడిది ఎడమవైపు వేస్తోంది. ఎడమవైపు పడ్డ బుట్టల ఆడవాళ్లు తిడతారు. తిట్టనివ్వాలి. తిట్టినవాళ్లు వచ్చే వారం మళ్లీ వస్తారు. ఏమీ అనకుండా పోయినవాళ్లే వేరే సావుకారును వెతుక్కుంటారు. ఎస్.కోట దిగువ నుంచి సొంత వ్యానులో ఉప్పు, ఉల్లి, ఎండుచేపలు కొండకు తెచ్చి, చింతపండు, కొండచీపుర్లు, పిప్పళ్లు కిందికి దింపుకునే ఆమెకు ఈ లెక్క ఎవరూ నేర్పలేదు.

ఆవేళ సంత మొగలో అటవీశాఖ వాళ్లు బోర్డు పాతుతున్నారు. బీటు ఆఫీసరు హేమలత ఖాకీ చొక్కా చేతులు మడిచి, గార్డు చేతిలోని గడ్డపార తానే అందుకుని గొయ్యి తవ్వుతోంది. బోర్డు మీద చిలుక బొమ్మ. ఇళ్ల దగ్గర తిరిగే రామచిలుక కాదు. అంతకంటే పెద్దది, ముక్కు లావు, రెక్క భుజం మీద ముదురు ఎర్ర మచ్చ. ఈ పెద్ద చిలుక ముప్పుకు చేరువలో ఉన్న జాతి అని, ఏటేటా తగ్గిపోతోందని, పట్టినా అమ్మినా పెంచినా నేరమని బొమ్మ కింద రాశారు.

ముత్యాలమ్మ కూర్చున్న చోటు నుంచే కేకేసింది.

"మేడం, ఆ బోర్డు కొత్త బేరగాళ్లకి దారి సూపెట్టడానికా?"

"ఏంటమ్మా?"

"సరుకు తగ్గిపోతందని సంత మద్దిన సాటింపు ఏత్తే రేటు పెరుగుద్దా, పడిపోద్దా? సింతపండు లేదు లేదని నాను అరిసిన రోజే నాకు మంచి రేటొత్తాది."

హేమలత మోచేత్తో నుదురు తుడుచుకుంది. "మరి ఏం రాయమంటావు? బోలెడున్నాయి, పట్టుకుపొండి అనా?"

"కొనీవోడి బొమ్మ ఎయ్యండి. సిలక బొమ్మ ఎందుకు, సిలకలకి వాటి మొకం తెల్దా?"

చుట్టూ ఉన్న ఆడవాళ్లు గొల్లుమన్నారు. హేమలతకూ నవ్వొచ్చింది గానీ మింగేసింది. "దొరికితే వేస్తాం. పట్టుకున్నదే రాస్తాం ముత్యాలమ్మా. చూడనిది రాస్తే కోర్టులో నిలబడదు."

నీలవేణి సంతకు ఎప్పుడూ పొద్దున్నే వస్తుంది, వెనకాల మొగుడు గాసి కావిడితో. ఆవేళ ఎండెక్కాక ఒక్కతే వచ్చింది. బుట్ట దించి, రేటు ఎంతని కూడా అడగకుండా నిలబడింది. ముత్యాలమ్మ ముద్ద నొక్కబోతున్న చేయి ఆపింది. బేరం ఆడని మనిషిని చూస్తే ఆమెకు భయం.

"గాసి ఏడే?"

"ఇంటికాడున్నాడు పిన్నీ. ఊరు దాటొద్దన్నారు." నీలవేణి గొంతు తగ్గించి బోర్డు వైపు చూసింది. "మొన్న పొద్దున్న ఆ మేడం జీపొచ్చింది. తిన్నగా మా ఇంటికే వచ్చింది. బుట్ట బోర్లించి ఉంటే ఎత్తి చూశారు. చిలక పిల్ల ఉంది, ఒకటే. తాడు, గొడ్డలి, బుట్ట అన్నీ పట్టుకుపోయారు. ఆయన్నీ తీసుకుపోయి సాయంకాలం ఒగ్గేసినారు. సోమవారం కోర్టంట. జైలేస్తారంట."

"తిన్నగా మీ ఇంటికే వొచ్చిందా? ఎవర్నీ అడగకుండా?"

"తిన్నగా."

ముత్యాలమ్మ ఆ బుట్టను నొక్కకుండానే కుడివైపు పెట్టింది. కొండ మీద ఇల్లు వెతకాలంటే పోస్టుమానే నలుగురిని అడుగుతాడు. దారి అడక్కుండా వచ్చిన జీపు దారి తెలుసుకుని వచ్చిందన్నమాట. చెప్పినవాడికి ఏదో లాభం ఉండి ఉండాలి. లాభం లేకుండా ఎవడూ నోరు పారేసుకోడు.

సంత ముగిశాక మిగిలిన సరుకు తన రేకుల షెడ్డుకు తీసుకెళ్లింది. తాళం తీయగానే లోపల ఏదో కీచుగా గీరినట్టయింది. ఎలుకలనుకుంది. కానీ వాసన ఎలుకలది కాదు. ఒక పక్కన మోహన్‌కృష్ణ కాఫీ గింజల బస్తాలున్నాయి. విశాఖలో కంపెనీ ఉన్నవాడు, ఆమె దింపే చింతపండంతా ఏటా తనే తీసుకునేవాడు. ఆ మర్యాదకే రెండో తాళంచెవి అతనికిచ్చింది. ఆ బస్తాల వెనక మామిడిపళ్ల అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. అన్నిటికీ కన్నాలు.

పై పెట్టె మూత లేపింది. లోపల చిలుక పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఈకలు ఇంకా ముళ్లలాగే ఉన్నాయి, పచ్చదనం ఇప్పుడిప్పుడే దిగుతోంది. తలకంటే ముక్కే పెద్దదిగా ఉంది. వెలుతురు పడగానే అన్నీ నోళ్లు తెరిచి మెడలు ఊపాయి. అడుగున ఒకటి మెడ వాల్చేసింది. ముత్యాలమ్మ దాన్ని రెండు వేళ్లతో బయటికి తీసి, కొంగుతో చేయి తుడుచుకుంది.

బయట కారు ఆగింది. మోహన్‌కృష్ణ కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుంటూ లోపలికి వచ్చాడు. ఆమె చేతిలో చచ్చిన పిల్లను చూసి తడబడలేదు.

"చూసేశారా పెద్దమ్మా? చెబుదామనే వస్తున్నా. ఆదివారం కిందికి దింపాలి. ఈ మధ్య చెక్‌పోస్టులో నా కారు ఆపుతున్నారు. మీ వ్యాను ఎవరూ ఆపరు కదా. బస్తాల కింద పెట్టేస్తే అయిపోతుంది."

"నాకేటి లాభం?"

అతను నవ్వాడు. అడగాల్సిన మాట అడిగిందని తృప్తి. "ఈ ఏడు మీ చింతపండంతా నాదే. వచ్చే ఏడుదీ నాదే. రేటు మీ నోటితో మీరే చెప్పండి."

మంచి బేరమే. ఎండుచేపల గంప మూత సర్దుతూ ఆమె మెల్లగా అడిగింది. "గాసి ఇంటికి జీపు ఎవులు పంపినారు బాబూ?"

"ఓ పిల్ల దొరికితే వాళ్లకూ ఓ కేసు రాసుకున్నట్టుంటుంది పెద్దమ్మా. అటు చూసేవాడు ఇటు చూడడు కదా! ఒక ఫోను చేశాను, అంతే. గాసికి లాయర్ని నేనే పెడతాలెండి, పాపం."

మోసం గురించి ముత్యాలమ్మ ఎప్పుడూ నీతులు చెప్పలేదు. తడిపిన చింతపండు ఒక మోసం, దాన్ని కనిపెట్టి ఎడమవైపు వేయడం వ్యాపారం. రెండూ సంతలో పక్కపక్కనే కూర్చుంటాయి. కానీ తన సరుకు తేలిగ్గా దాటడానికి వేరొకడి బతుకును కాటాలో రాయిలా పడేయడం ఆమె ఎరిగిన బేరాల్లో లేదు. పైగా అది చెప్పేటప్పుడు 'పాపం' అన్నాడు.

"బస్తాల కింద పెడితే ఊపిరాడక సస్తాయి," అంది. "సచ్చిన సరుకు దింపినాక నన్ననొద్దు. ఇప్పుడే ఒకటి పోనాది, సూడు. నీ కార్లో పెట్టు, ఏసీ ఉంటాది. నాను ముందెల్తాను. సెక్‌పోస్టోలు నన్నెరుగుదురు, మాటల్లో పెడతాను. నువ్వు ఎనకాలే దాటీసి."

అతను ఆలోచించాడు. చచ్చిన పిల్ల వైపు చూసి తలాడించాడు.

"సెక్‌పోస్టు దాకా పెద్ద రోడ్డు మీంచొద్దు," అందామె. "పై ఊళ్ల మీంచి ఎల్దాం. పండగ రోజులు, అటు ఎవులూ సూడరు."

తెల్లారి ముత్యాలమ్మ నీలవేణి ఊరు వెళ్లింది. ఇటుకల పండగ నడుస్తోంది. చైత్రంలో విత్తనాలు దేవతకు చూపించి, మగవాళ్లు వేటకెళ్లే పండగ. అడవిలో ఏమీ దొరక్కపోయినా వెళతారు. ఉత్త చేతులతో వచ్చినవాడి మీద ఆడవాళ్లు పేడనీళ్లు కొట్టి ఆడిస్తారు. ఊళ్లో మగవాళ్లెవరూ లేరు. గాసి ఒక్కడే అరుగు మీద కూర్చుని, అడ్డతీగ నార తొడ మీద పెట్టి పురి ఎక్కిస్తున్నాడు. పోయిన తాడుకు బదులు కొత్త తాడు.

"అందరూ పులి కోసం ఎళ్లారు," అని పక్కింటి ముసలిది యర్రమ్మ ముత్యాలమ్మకు చెప్పింది. "మా గాసినే పులొచ్చి పట్టుకెళ్లింది. ఖాకీ చొక్కా పులి."

గాసి తల ఎత్తకుండా నవ్వాడు. నార పురి వదలకుండా బొటనవేలితో నొక్కి పట్టుకున్నాడు.

"సెట్టు సూపెట్టరా," అంది ముత్యాలమ్మ.

ఊరి పొలిమేర దాటకుండానే ఉంది ఆ చెట్టు. కొమ్మలు విరిగిన పాత మద్ది. చుట్టూ కాఫీ తోటల్లో సన్నటి సిల్వర్ ఓక్‌లు వరసలుగా నిలబడి ఉన్నాయి. వాటిలో తొర్రలుండవు. మద్ది మానులో ఎత్తున ఉన్న తొర్ర మూతిని గొడ్డలితో చీల్చేశారు. లోపలి చెక్క పచ్చిగా, ఎర్రగా కనబడుతోంది. చెట్టు మొదట్లో చెక్కపేళ్లు పడి ఉన్నాయి.

"చెయ్యి పట్టేంత ఉండేది మూతి," అన్నాడు గాసి. "మా తాత నాటి నుంచీ ఒక్క పిల్లనే తీస్తాం. మిగతావి ఎగిరిపోవాలి. ఈ ఏడు అదీ తియ్యలేదు. పైకెక్కి చూసేసరికి ఇలా ఉంది. కొమ్మ పంగలో ఒక పిల్ల పడుంది. ఇంటికి తెచ్చి జావ పోశాను. అదే వాళ్లకి దొరికింది."

రెండు పెద్ద చిలుకలు వచ్చి మాను చుట్టూ తిరిగి, బొంగురుగా అరిచి, ఎదురు కొండ మీదికి వెళ్లిపోయాయి. గాసి వాటిని చూడలేదు. చెట్టునే చూస్తున్నాడు. "ఇక రావు. ఇంత మూతిలోకి ఉడుం దూరుతుంది. వానా దూరుతుంది. మా అన్నదమ్ముల చెట్లన్నీ ఇలాగే కొట్టేశారు."

"ఆ కాఫీ బాబుకి సెట్లెలా తెలిసినాయి?"

"నేనే చూపించాను."

ముత్యాలమ్మ అతని మొహంలోకి చూసింది. "ఎందుకు సూపెట్టినావురా?"

"ఫోటోలు తీసుకుంటానన్నాడు. మా ఇంట్లో జావ తాగాడు. ఇది మాది, అది మా పెద్దన్నది, ఆ వాలులోది మా మేనమామది అని వరసగా చెప్పాను." ఆమెకు ఇంకా అర్థం కానట్టుంటే, పిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "ఒకరి చెట్టు ఇంకొకరు ఎక్కరు కదమ్మా! జీలుగు చెట్టుకి కల్లు కుండ కట్టి ఊరికెళ్లిపోతాం. ఎవడు ముట్టుకుంటాడు? ఎవరిదో తెలిస్తే ముట్టుకోరని చెప్పాను."

కింద ఊళ్లలో సొత్తుందని చెబితే దొంగొస్తాడని దాస్తారు. ఇక్కడ ఎవరిదో చెబితే దొంగతనం ఉండదని చూపిస్తారు.

"మేడంతో ఇదంతా సెప్పినావా?"

"చెప్పాను. నరుకుతుంటే చూశావా అంది. చూడలేదన్నాను."

ఊళ్లోకి తిరిగి వస్తుంటే కల్వర్టు దగ్గర ఆడవాళ్లు వెదురు బొంగుకు మామిడాకులు కడుతున్నారు. పండగ గేటు. వేట జరిగినన్నాళ్లూ రోడ్డు ఆడవాళ్లది. ఎవరి బండైనా ఆగాలి, అడిగింది ఇవ్వాలి, అప్పుడే బొంగు లేస్తుంది. కలెక్టరు బండైనా అంతే.

"రేపు నా బండెనకాల తెల్ల కారొత్తాది," అంది ముత్యాలమ్మ నీలవేణితో. "ఆడు డబ్బిత్తాడు. పుచ్చుకోకండి."

"మరేటి పుచ్చుకోవాలి?"

"డిక్కీలో ఉన్నది. మేడానికి ఫోను నాను సేత్తాను. పెందరాళే వొచ్చీమంటాను."

ఆదివారం పొద్దున్న షెడ్డు గుమ్మంలో నిలబడి, మోహన్‌కృష్ణ పెట్టెలను ఒక్కొక్కటిగా కారులోకి చేర్చుకోవడం ఆమె చూసింది. సాయం చేయలేదు. తర్వాత చింతపండు బస్తాలతో ఉన్న వ్యాను ఎక్కి డ్రైవరు పక్కన కూర్చుంది.

కల్వర్టు దగ్గర డప్పు మోగుతోంది. వ్యాను ఆగింది. ముత్యాలమ్మ ఎండుచేపల బుట్ట కిందికి అందించింది. బొంగు లేచింది. వ్యాను కల్వర్టు మీదికి వెళ్లి సరిగ్గా మధ్యలో ఆగిపోయింది. వెనకాల కారు గేటు ముందు ఆగగానే, దాని వెనక ఇంకో బొంగు పడింది. ఆడవాళ్లు చేతులు పట్టుకుని కారు చుట్టూ అడుగులేశారు.

మోహన్‌కృష్ణ అద్దం దించి నోటు చాపాడు. నీలవేణి ఆ చేయి పక్కకు నెట్టింది.

"డబ్బొద్దు బాబూ. డిక్కీ తియ్యి."

"ఏంటిది? జరగండి, అర్జెంటు పని."

"పండగ మాట కాదనకూడదు," అంది యర్రమ్మ, పేడనీళ్ల కుండను బానెట్ మీద పెట్టి. "తెల్ల బండి, మరక పడితే పోదు."

మలుపులోంచి అటవీశాఖ జీపు వచ్చింది. హేమలత దిగి, కారు వెనక్కి వెళ్లి, తియ్యమని సైగ చేసింది. మూత లేచింది. డప్పు ఆగింది. పెట్టెల్లోంచి కీచుమని అరుపులు ఒక్కసారిగా బయటికొచ్చాయి. ఎవరూ చెప్పకుండానే గాసి ముందుకొచ్చి, పెట్టెలు నీడలోకి మోసి, సామజావ తెమ్మని కేకేశాడు. గార్డు అతన్ని ఆపలేదు.

మోహన్‌కృష్ణ చొక్కా సర్దుకున్నాడు. గొంతు మెత్తగానే ఉంది. "మేడం, ఇవి ఆవిడవి. వ్యానులో చోటు లేదంటే సాయంగా వేసుకున్నాను. ఆవిడ షెడ్డు చూడండి, రెట్టలు అక్కడే ఉంటాయి. ఒకసారి మీ పైవాళ్లతో మాట్లాడతాను." ఫోను తీసి ఎవరితోనో మాట్లాడాడు. కాసేపటికి హేమలత ఫోను మోగింది. ఆమె పక్కకు వెళ్లి, "సార్... సార్..." అంటూ విని తిరిగొచ్చింది. ఎవరి మొహంలోకీ చూడలేదు.

"పిల్లలు ప్రాణంతో దొరికాయి, అదే ముఖ్యం అంటున్నారు. రోడ్డు పక్కన దొరికినట్టు రాసి, కారు పంపించేయమన్నారు."

నీలవేణి బొంగు మీద చేయి వేసింది. "మా ఆయన చేతిలో ఒకటుంటే కోర్టు. ఈయనకి కారు నిండా ఉంటే దారా?"

"నాకు మాత్రం ఇష్టమా?" హేమలత గొంతు లేచింది. "పెట్టెలు ఎవరు పెట్టారో, ఎక్కడ పెట్టారో కళ్లారా చూసినవాళ్లు చెప్పాలి. లేకపోతే రేపు లాయరొచ్చి ఎగరేసుకుపోతాడు. చూసినవాళ్లెవరు?"

మోహన్‌కృష్ణ వ్యాను వైపు చూసి సన్నగా తల అడ్డంగా ఊపాడు. వద్దన్నట్టు. బెదిరింపు కాదు, బేరం.

ముత్యాలమ్మ సీట్లో కూర్చునే అంతా కూడింది. చెబితే కొనేవాడు పోతాడు. షెడ్డు సీలు పడుతుంది. వ్యాను కూడా పోవచ్చు. ఈ వయసులో కోర్టు మెట్లు. కాటాకు రెండో పక్కన ఏం పెట్టాలో వెతికితే తూకానికి వచ్చేది ఏదీ దొరకలేదు. లెక్క నష్టమనే తేలింది. తలుపు తీసుకుని దిగింది.

"రాయండి మేడం. షెడ్డు నాది. రెండో తాళంచెవి ఈ బాబుకి నానే ఇచ్చినాను. పెట్టెలు లోన పెట్టింది ఈయన. కార్లోకి ఎక్కించింది ఈయన. గుమ్మంలో నిలబడి సూసినాను. గాసి ఇంటికి జీపు రప్పించింది తనే అని నా మొకం మీద సెప్పినాడు."

హేమలత ఆమెను కిందికీ పైకీ చూసింది. "నీ షెడ్డులో ఉన్నాయంటే నీ మీదా కేసు రాయాలి, తెలుసా?"

"రాయండి. ముందు ఆయన పేరు, తర్వాత నాది. వరస తప్పొద్దు."

"పెద్దమ్మా," అన్నాడు మోహన్‌కృష్ణ. మెత్తదనం పోయింది. "విశాఖ దాకా నీ చింతపండు ముట్టుకునేవాడుండడు. కుళ్లిపోతుంది."

"సింతపండు కుళ్లదు బాబూ. నువ్వు ఇన్నాళ్లు కొన్నావు గానీ నీకు సరుకు తెల్దు. పాతబడితే నల్లబడతాది. పులుపు సావదు."

హేమలత జీపు బానెట్ మీద కాగితం పరిచి కలం తీసింది. జేబులో ఫోను మళ్లీ మోగడం మొదలైంది. గార్డు ఆమె వైపు చూశాడు.

"ఇక్కడ సిగ్నలు అందదు," అని చెప్పి ఆమె రాయడం మొదలుపెట్టింది.

ఫోను మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది. కారు తాళాలు గార్డు చేతికొచ్చాయి. యర్రమ్మ పేడనీళ్ల కుండ బానెట్ మీంచి దించలేదు.

రాయడం అయ్యాక హేమలత గాసి దగ్గరికి వెళ్లింది. అతను మోకాలి మీద పిల్లను పెట్టుకుని, ఆకు దోనెతో జావ బొట్టుబొట్టుగా పోస్తున్నాడు. ఆమె అతని పక్కన గొంతుక్కూర్చుని, "నీ కేసు నేను చింపలేను," అంది. "రేపు కోర్టుకి రావాల్సిందే. ఇవాళ్టి కాగితం మాత్రం నేనే పట్టుకొస్తాను."

"వత్తాడు," అంది ముత్యాలమ్మ వెనక నుంచి. "ఒక్కడే రాడు. సెట్లు కొట్టించుకున్నోళ్లందరూ వత్తారు. ఏ సెట్టు ఎవులిదో జడ్జిగారికి వరసగా సెప్తారు."

నీలవేణి చుట్టూ ఉన్న ఆడవాళ్లను చూసి, లెక్క వేసుకుని, దిగాలుగా అంది. "ఇంతమందిమి ఎలా వస్తాం పిన్నీ? పొద్దున్న బస్సే లేదు."

ముత్యాలమ్మ అప్పటికే వ్యాను చక్రం మీద కాలు పెట్టి పైకెక్కుతోంది. చీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకుని, మీది బస్తా మూతి రెండు చేతులా పట్టుకుంది.

"సూత్తారేటి? రండి, పట్టండి. ఇవి దింపితే గానీ మనుషులకి సోటుండదు."